సమాధిలోని గింజ: ద్వితీ. 26:14 వినియోగముపై ఒక విమర్శ

పెరూ తీరమందలి అంకోన్ సమాధులను రైస్, స్ట్యూబెల్ 1874-75లో త్రవ్వగా, మృతులతో ఉంచిన మొక్కజొన్న, చిక్కుడు గింజలు బయటపడినవి. అమెరికా ఖండములనుండి వచ్చిన మిరపను పండించు మన గుంటూరు, ప్రకాశం సంఘములలోను, నవంబరు 2న కొందరు సమాధిపై పూలతోపాటు మృతునికి ఇష్టమైన తినుబండారము పెట్టుదురు. దీనిని ఖండించుటకు ప్రసంగీకులు ద్వితీ. 26:14ను ఎత్తుదురు. అయితే 12వ వచనముతో కలిపి చదివిన, అక్కడి విషయము లేవీయునికి, పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందిన దశమభాగము. దానిని మృతులకు మళ్లింపరాదనుటయే భావము. ఆ వచనముతోనే విధవరాలిని గద్దించుట న్యాయమా? కాపరి ఆమెను ఆదరించి, 1 కొరింథీ. 15:37 బోధింపవలెను: గింజ మృతునికి ఆహారము కాదు, విత్తబడిన గింజ మృతుడే.