పరిష్కరణ మర్యాద

గ్రంథమును దిద్దుట యెల్లరకుఁ గల యధికారమా, కొందఱకే యుండఁదగినదా యను ప్రశ్న మన భాషకుఁ గ్రొత్తది కాదు. తాటియాకుల కాలమున లేఖకుని గూర్చియు, అచ్చుకూటముల కాలమునఁ బరిష్కర్తను గూర్చియు నీ ప్రశ్నయే పుట్టినది. నేఁడది వికీ యను పేరఁ బరఁగు సమష్టి రచనాస్థానములందు మరల లేచినది. తెలుఁగు వికీపీడియా 2003 వ సంవత్సరము డిసెంబరు నెలలో నారంభమైనది. దాని తోఁబుట్టువగు వికీసోర్సునందు మన పూర్వముద్రిత గ్రంథములు పుట వెంటఁ బుటగా నెక్కింపఁబడుచున్నవి. వచ్చినవాఁ డెవ్వఁడైనను వానిని దిద్దవచ్చును. ఈ సంగతి విని మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల పండితమిత్రులు కొందఱు "అందఱు దిద్దునది గ్రంథమగునా?" యని పెదవి విఱచుచున్నారు. యువకులు కొందఱు "హద్దు పెట్టినచోట సమష్టికృషి యెక్కడిది?" యని వారి కెదురు పలుకుచున్నారు. హద్దు దిద్దువానికిఁ బెట్టవలసినదని తలఁచుటవలననే యీ రెండు వాదములును బుట్టినవని నా యభిప్రాయము. హద్దు దిద్దుటకుఁ గావలయును. ఎవ్వఁడు దిద్దవచ్చు ననుటకంటె నెట్లు దిద్దవచ్చు ననునదియే విచారింపఁదగినది.

మొదట నచ్చటి యేర్పాట్లను దెలిసికొందము. తెలియక దూషించుట విమర్శ కానేరదు. వికీలో నొక పుటను మార్చినచో వెనుకటి పాఠము నశింపదు. ప్రతి పుటకును 'చరిత్ర' యను భాగ మొకటి గలదు. ఏ మార్పు నెవ్వ రెప్పు డొనర్చిరో, యంతకు ముందు పాఠ మెట్లుండెనో యందుఁ గాననగును. మార్చువాఁడు తన మార్పునకుఁ గారణమును సంగ్రహముగా వ్రాయుటకుఁ జోటు గలదు. వాదోపవాదములకు వేఱుగఁ జర్చాపుట గలదు. వికీసోర్సునం దింకొక నియమము గలదు. అచ్చుపుట ఛాయాచిత్ర మొకప్రక్కను, ఎక్కించిన పాఠము వేఱొకప్రక్కను నుండును. దిద్దని పుటకు నెఱుపు, ఒకఁడు దిద్దిన పుటకుఁ బసుపు, దానిని మఱియొకఁడు సరిచూచి యామోదించిన పిమ్మట నాకుపచ్చ గుర్తులుగా నుండును. దిద్దినవాఁడే తన పుట నామోదించుటకు వీలులేదు. ఆంగ్ల వికీపీడియాలో 2004 వ సంవత్సరమునుండి మూఁడు మాఱుల నియమ మొకటి నడచుచున్నది. ఒకఁడొక పుటలో నితరులు చేసిన మార్పులను ఇరువదినాలుగు గంటలలో మూఁడు మాఱులకు మించి త్రోసివేయరాదు. మీఱినవానికిఁ గొంతకాలము దిద్దుబాటు నిషేధింపఁబడవచ్చును.

ఈ మూఁడు మాఱుల నియమమును వినఁగనే వ్యాకరణము చదివినవాని కొక సందేహము గలుగును. 'వఱకు' అను నర్థమున సంస్కృతమున 'ఆఙ్' వచ్చును. దానికిఁ బాణిని మర్యాద యనియు, అభివిధి యనియు రెండర్థములు చెప్పినాఁడు. శ్రీకాకుళము వఱకు వాన గురిసిన దన్నచో శ్రీకాకుళము తడిసినదా, లేదా? పొలిమేరకడ నాఁగినచో నది మర్యాద. ఊరిని గూడఁ దడిపినచో నభివిధి. అట్లే మూఁడు మాఱుల వఱకుఁ ద్రోసివేయవచ్చు నన్నచో మూఁడవది దోషమా, కాదా? నియమాక్షరములఁ జూచిన నభివిధియే; నాలుగవదియే దోషము. కాని యా నియమ మేర్పఱచినవారే యిది మూఁడు మాఱులు త్రోయుటకు హక్కు కాదనియు, లెక్క మించకున్నను గలహబుద్ధితోఁ ద్రోయుట దోషమే యనియుఁ జెప్పియున్నారు. అనఁగా నక్షరమున నభివిధి, తాత్పర్యమున మర్యాద. ఈ నియమమున మెచ్చవలసినది యీ తాత్పర్యమునే.

సంఖ్య కలహము నాఁపును, సత్యమును నిర్ణయింపదు. తప్పు పాఠమును బట్టుకొన్నవాఁడు మూఁడు మాఱులతో నాఁగి, యొప్పు పాఠమును నిలుపఁబూనినవాఁడు నాలుగవ మాఱు త్రోసినచో దండనము రెండవవానికే కలుగును. ఒక పక్షమున నిద్దఱును, వేఱొక పక్షమున నొక్కఁడును నున్నచో నిద్దఱకు నాఱు మాఱులు, ఒక్కనికి మూఁడే. కావున సంఖ్యానియమము ద్వారపాలకుని వంటిది; అది న్యాయాధిపతి కాఁజాలదు. న్యాయమును వేఱొకచోట వెదకవలయును.

అది మన శాస్త్రమునందే యున్నది. అష్టాధ్యాయిలో నించుమించు నాలుగువేల సూత్రములు గలవు. వానిలోఁ గొన్నిటికిఁ గాత్యాయనుఁడు కొఱతలు చూపినాఁడు. చూపియు సూత్రమును గొట్టివేసి తన మాటను దాని చోటఁ బెట్టలేదు. ప్రక్కన వార్తికము వ్రాసినాఁడు. పతంజలి యా రెంటిని విచారించి, కొన్నియెడల వార్తికమును నిరాకరించి, కొన్నియెడల సూత్రమే యక్కఱలేదని చెప్పి, భాష్యము రచించినాఁడు. అక్కఱలేదన్న సూత్రమును గూడ నతఁడు పాఠమునుండి తొలఁగింపలేదు. మువ్వురిలోఁ బిమ్మటివారి మాటకుఁ బ్రామాణ్య మెక్కువయని వైయాకరణులు చెప్పుదురు. అయినను ముందువాని వాక్యమును జెఱిపివేయుటకు ఆ ప్రామాణ్యము వారి కధికార మీయలేదు.

ఈ మర్యాద యొకచోఁ దప్పినది. కాశికావృత్తిలోని సూత్రపాఠమున వార్తికముల మాటలు కొన్ని సూత్రములలోనే కలిసిపోయినవి. పందొమ్మిదవ శతాబ్దిలోఁ గీల్‌హార్న్ పండితుఁడు మహాభాష్యముతోఁ బోల్చిచూచి వానిని వెలికిఁ దీసినాఁడు. భాష్యము నిలిచియుండుటచేతనే యది సాధ్యమైనది. లేనిచోఁ గాత్యాయనుని మాటలను బాణినివేయని నేఁటికిని మనము పాఠము చెప్పుచుండెడివారము. తెలుఁగుననుఁ గాత్యాయనమార్గము ననుసరించినవారు లేకపోలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున విడిచినవానిని జెప్పఁబూనిన బహుజనపల్లి సీతారామాచార్యులుగారు సూరి సూత్రములను దిద్ది వేఱొక బాలవ్యాకరణమును వెలువరింపలేదు; త్రిలింగలక్షణశేషమని వేఱుగ గ్రంథము వ్రాసిరి. శేషమను పేరే హద్దును దెలుపుచున్నది.

మన సీమలోనే వేఱొక నిదర్శనము గలదు. విజయనగరమున గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును 1897 లో నచ్చొత్తించి, 1909 లో దానిని మిగుల మార్చి పెంచి మరల వెలువరించిరి. కర్తకంటెఁ దన గ్రంథమును దిద్దుట కధికారి యెవ్వఁడు? అయినను మొదటి కూర్పు నిలిచియుండుటచేతనే కవి యెచ్చటెచ్చటఁ దన మనసు మార్చుకొనెనో విమర్శకులు చెప్పఁగలుగుచున్నారు. కర్త సవరణకుఁ బిమ్మటను బూర్వపాఠము కావలసివచ్చినపుడు పరుల సవరణ మాట చెప్పనేల?

ఈ సందర్భమున శ్రీకాకుళమునకు సమీపమునఁ బర్వతాలపేటలో 1863 లో జన్మించి 1940 లో గతించిన గిడుగు రామమూర్తిపంతులుగారిని దలంపక తీఱదు. వారి వ్యావహారికవాదము నాకు సమ్మతము కాదు. ఈ వ్యాసపు భాషయే దానికి సాక్షి. కాని వారి ఫిర్యాదొకటి నేఁటికిని బ్రత్యుత్తరము లేక నిలిచియున్నది. 1858 నాఁటి బాలవ్యాకరణమును గొలకఱ్ఱగాఁ జేకొని పండితులు దానికి లొంగని ప్రయోగము నెల్లఁ దప్పనిరి. వారు గద్యచింతామణిలోఁ బ్రాచీన వచనములను గూర్చి చూపిరి. బాలకవిశరణ్యమున మహాకవుల ప్రయోగములు ఈ కొలఁతకు లొంగకుండుటను నిరూపించిరి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830, 1831 సంవత్సరములలోఁ గావించిన కాశీయాత్ర చరిత్ర 1838 లో నచ్చయినది. దాని భాష సూరి వ్యాకరణమున కొదుగదు. ఒదుగునట్లు దిద్దినచో వ్యాకరణము గెలుచును. ఒక లోకజ్ఞుఁడు దారి పొడుగునఁ దన దినచర్య వ్రాసికొన్న తెలుఁగు మనకు దక్కకపోవును.

పరులను దూషించుటకు ముందు నా దోషమును జెప్పుకొనుట న్యాయము. కొంతకాలము క్రిందట వికీసోర్సులో నొక పాత వచనగ్రంథపు పుటలను నేను సరిచూచితిని. అందుఁ బలుచోట్ల 'వ్రాశెను' అని యుండఁగా 'వ్రాసెను' అని దిద్దితిని. మఱునాఁడు చూడఁగా నొక యువకుఁడు నా సవరణలను ద్రోసివేసి, మూలమునం దట్లే యున్నదని కారణము వ్రాసియుండెను. కారణము వ్రాయుట నాకుఁ జిన్నతనముగాఁ దోఁచి, యూరక మరలఁ దిద్దితిని. అతఁడు మరలఁ ద్రోసెను. మూఁడవ మాఱు నేను దిద్దిన పిమ్మట నతఁడు త్రోయుట మాని, చర్చాపుటలో "అయ్యా, ఈ సవరణకు ఆధార మెయ్యది?" యని వినయముతో నడిగెను. బాలవ్యాకరణమని నేను సగర్వముగా వ్రాసితిని. "ఈ పుస్తకము బాలవ్యాకరణమునకు ముందే యచ్చయినది గదా!" యని యతఁడు బదులు వ్రాసెను. ముఖపత్రముమీఁది సంవత్సరమును నేను జూడనేలేదు. ముప్పదియేండ్లు శబ్దసాధుత్వమును బోధించిన నేను, ఆ మాటకుఁ జెప్పఁదగిన సమాధానము లేక నా సవరణలను నేనే తొలఁగించితిని. శబ్దము సాధువా కాదా యనుట యొక ప్రశ్న, గ్రంథమునం దున్నదా లేదా యనుట వేఱొక ప్రశ్న. మొదటిదానికి వ్యాకరణము ప్రమాణము. రెండవదానికిఁ బ్రతియే ప్రమాణము. పండితుఁడు తఱచుగాఁ దప్పునది మొదటి ప్రమాణముతో రెండవ ప్రశ్నను దీర్చఁబూనుటచేతనే.

ఇఁక హద్దు లెట్లుండవలయును? విజ్ఞానసర్వస్వపు వ్యాసము సమష్టిసొత్తు. దాని వాక్యమును ఎవ్వఁడైనను మేలుపఱుపవచ్చును. ఆధారము లేని సంగతిని జేర్చుటయు, ఆధారముగల సంగతిని దొలఁగించుటయు మాత్రమే యచ్చట దోషములు. పూర్వగ్రంథ మట్లు గాదు. అది పరుల సొత్తు, మనము కావలివారము. అచ్చట మొదటి హద్దు పూర్వపాఠము చదువరికిఁ గాననగుచుండుట. చరిత్రభాగమున నణఁగియున్నఁ జాలదు. సామాన్యుఁ డచ్చటికిఁ బోఁడు. పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థవారు 1919 లోఁ బూని 1966 లో ముగించిన మహాభారత సంశోధితప్రతి యిందుల కాదర్శము. ప్రధాన సంపాదకుఁడగు సుక్థంకరు పండితుఁడు పాఠమును సవరించుటకంటె నున్నపాఠమున కర్థము చెప్పుటయే మేలని నియమించికొనినాఁడు. సందేహగ్రస్తమైన పాఠమునకు క్రింద వంకరగీతయు, తప్పనిసరియై సవరించిన పదమునకు నక్షత్రపు గుర్తును బెట్టి, ప్రతుల పాఠభేదములను బుట యడుగున నిచ్చినాఁడు.

రెండవ హద్దు కారణము చెప్పుట. కారణము చెప్పలేని సవరణ ప్రౌఢుఁడు చేసినను బాలుఁడు చేసినను నొక్కటియే. మూఁడవది దిద్దినవాఁడు తానే తీర్పరి కాకుండుట. వికీసోర్సువారి యాకుపచ్చ గుర్తు దీనినే యమలుపఱుచుచున్నది. నాలుగవది, ఒక సవరణ యొకసారి త్రోయఁబడినచో మూఁడింటిదాఁక లెక్కింపక యప్పుడే చర్చాపుటకుఁ బోవుట. ఆంగ్లమున వేలకొలఁది దిద్దువారు గలరు. అచ్చట సంఖ్యానియమము కావలసినదే. తెలుఁగునఁ బనిచేయువారు కొలఁది మందియే. ఒక్కొక్క పుటమీఁద నెదురుపడువారు తఱచుగా నిద్దఱే. ఇద్దఱి నడుమ లెక్కకంటె మాట మేలు.

పండితునికిని బామరునికిని నొకే హద్దైనచోఁ బాండిత్యమునకు విలువ యేమని కొందఱడుగవచ్చును. విలువ కారణములో నున్నది. పండితుఁడు చెప్పు కారణము బలమైనదగును, కావున నిలుచును. పేరును జూచి నిలుపుమన్నచో నది పాండిత్యమును గాచుట గాదు, పరీక్షనుండి తప్పించుట. చెడఁగొట్టుటకే వచ్చువారి సంగతి యేమందురా? వారు లేకపోలేదు. అట్టివారి నాఁపుటకు నిర్వాహకులును, కొన్ని పుటలకు రక్షణయుఁ గలవు. దొంగల కొఱకు వేసిన తలుపును బంధువులకుఁ గూడ మూయుట తగదు.

ఈ యేర్పాటులో నాకుఁ గనఁబడు పెద్దకొఱత నియమములలో లేదు. రెండవవాఁడు దొరకకుండుటలో నున్నది. పసుపు గుర్తుగల పుటలు పెక్కు లామోదించువారు లేక నిలిచిపోవుచున్నవి. పాత లిపియు, శకటరేఫయు, నర్ధబిందువును నెఱిఁగిన పాఠశాలా పండితులు మన జిల్లాలలో నెందఱో కలరు. బయట నిలిచి పెదవి విఱచుటకంటె లోపలికిఁ బోయి, యొక్కొక్కరు దినమున కొకపుటను ఛాయాచిత్రముతో సరిచూచి, యున్నదానిని ఉన్నట్లు నిలిపి, తమకుఁ దోఁచిన సవరణను జర్చాపుటలో వ్రాసినచోఁ బూర్వగ్రంథములకును, దమ పాండిత్యమునకును మేలు చేసినవారగుదురు. నా వచనగ్రంథమున నింకను నలువదిపుటలు పసుపుగానే యున్నవి. వానిని దిద్దినవాఁడను నేనే. కావున నామోదింప నాకు వీలులేదు. ఆ పని చేయఁగలవారికి నిదియే నా విన్నపము.