తమ్ముడు వ్రాసిన అన్న చరిత్ర

టొరంటోలో స్థిరపడిన మా మేనల్లుడు సెలవులకు ఏలూరు వచ్చి, మొన్న ఆదివారము ఆటపాక గట్టుమీద గూడబాతులను చూచుచు, తానుండు దేశమున పక్షులకు గింజలమ్మి ధనికుడైన జేమ్స్ నికల్సన్ అను వర్తకుడు 1952లో చనిపోవుచు తన ఆస్తిలో పెద్దపాలు కెనడా ప్రముఖుల జీవితచరిత్రలు వ్రాయించుటకై టొరంటో విశ్వవిద్యాలయమునకు విడిచిపోయెనని చెప్పి, “మనకలాంటి పుస్తకముందా మామయ్యా?” అని అడిగి, నేను నోరు తెరచునంతలో ఫోను పైకెత్తి ఫొటోలలో మునిగిపోయెను. ప్రశ్నకు నొచ్చుకొనలేదు, సమాధానముండదని వాడు ముందే నిశ్చయించుకొనుటకు నొచ్చుకొంటిని.

ఆ గ్రంథమును నేనెరుగుదును. 1959లో ఆరంభమై, 1966లో మొదటి సంపుటము వెలువడి, ఆంగ్లమునను ఫ్రెంచిలోను సాగుచున్న ఆ మహాకోశములో మనుష్యులను అకారాదిగా గాక వారు గతించిన కాలమునుబట్టి సంపుటములకు పంచుదురు. మరణసంవత్సరము తెలియనిచో, పత్రములలో ఆ మనిషి చివరిసారి కనబడిన ఏడే అతని స్థానమును నిర్ణయించును. నా తేదీల పిచ్చి ఈ శీర్షిక చదువరులకు క్రొత్త కాదు. తెనాలి రామకృష్ణుని కొంటెకథలతో పుటలు నింపు కవిచరిత్రకారులను ఇచ్చట ఎన్నిమారులు దులిపితినో వారికే తెలియును. కావున ఆ పద్ధతి నాకు విందుభోజనమువలె తోచినది.

ఇంటికి వచ్చి, ఆ కోశములోని అలెగ్జాండర్ మెకంజీని తలచుకొంటిని. స్కాట్లండు వాయవ్యమున లూయిస్ ద్వీపములోని స్టార్నొవే పట్టణమున పుట్టిన ఈ బొచ్చుతోళ్ల వర్తకుడు 1789లో, నేడు తన పేరనే పిలువబడు నదివెంట ఉత్తర సముద్రము చేరెను. 1793లో ఖండమును దాటి పడమటి కడలిని ముట్టినప్పుడు, ఇంగిలీకమును కరగిన క్రొవ్వులో కలిపి ఒక బండమీద తన పేరును తేదీతో సహా వ్రాసిపెట్టెను. తేదీ వేసినందుకు నేనాతని తక్కిన అపరాధములన్నియు క్షమింతును! ఆతని ఉత్తరయాత్రలో తోడునడచిన చిపెవ్యాన్ నాయకుడు ఆగీనాకును ఆ కోశమున విడిగా ఒక వ్యాసము కలదు. ఇది చిన్న సంగతి కాదు.

ఆ స్టార్నొవేయే మనకు ఊరూరి చరిత్రలైన కైఫీయతులను కూర్పించిన కాలిన్ మెకంజీని పంపినది. ఆతనికి మన దేశపు విద్యాద్వారమును తెరచినవాడు మా ఏలూరు బ్రాహ్మణుడు కావలి వెంకట బొర్రయ్య. మైసూరు సర్వేలో ఆతని వెంట తిరిగి, హళగన్నడ శాసనములను కూడబలికి చదివి, జైనుల వృత్తాంతమును ఆంగ్లమున చెప్పి, ముప్పదేండ్లైన నిండకుండ 1803లో బొర్రయ్య కన్నుమూసెను. ఒక్క బ్రాహ్మణునితో ఏర్పడిన పరిచయమే తన పరిశోధనకు తొలిమెట్టని మెకంజీ తరువాత ఒక లేఖలో ఒప్పుకొనెను.

బొర్రయ్య తమ్ముడు రామస్వామియు మెకంజీ కొలువువాడే. ఆయన 1829లో కలకత్తాలో ‘బయోగ్రాఫికల్ స్కెచెస్ ఆఫ్ డెక్కన్ పొయట్స్’ అను గ్రంథమును ఆంగ్లమున ప్రకటించెను. అనగా, కెనడావారు తమ కోశమునకు పూనుకొనుటకు నూటముప్పదేండ్లు ముందే మా ఊరివాడు కవుల జీవితములను వరుసగా కూర్చినాడు. మేనల్లునికి ఇదియే నా సమాధానము అని లేచి కూర్చుంటిని గాని, ఆ పుస్తకము తెరచినవెంటనే నా ఉత్సాహము చల్లారినది. పూర్వకవులను గూర్చి వినికిడి కథలే హెచ్చు, తేదీలు అరుదు. పైగా గ్రంథకర్త తన అన్నను ఆ కవుల సరసన కూర్చుండబెట్టినాడు! బంధువులు బంధువుల చరిత్ర వ్రాయరాదని నేను పట్టుబట్టి వాదింతును. తండ్రిని దేవుని చేసిన షష్టిపూర్తి సంచికలను మీరును చూచియే యుందురు.

అయినను ఆ పుస్తకమున నేను మరల చదివినది ఆ ఒక్క అధ్యాయమునే. తక్కిన కవులను రామస్వామి చెవులతో ఎరుగును; బొర్రయ్యను ఒకే కప్పుక్రింద, ఒకే కొలువులో, ఒకే దొర ఎదుట ఎరుగును. ఆ పుటలు లేనిచో ఏషియాటిక్ సొసైటీవారి సంపుటములో 1807లో అచ్చయిన జైనవృత్తాంతపు శీర్షికక్రింద అనువాదకుడని యున్న పేరే ఆ మనిషికి మిగిలెడి యునికిలో అధికభాగము. నిష్పక్షపాతులు ఆ కుటుంబమునకు చేసిన న్యాయమో? మెకంజీ పరిశోధనను కొనసాగింపగోరిన మరియొక సోదరుడు లక్ష్మయ్యను, విమర్శకునికుండవలసిన యోగ్యత లేదని 1836లో ఆ సొసైటీకి చెందిన జేమ్స్ ప్రిన్సెప్ త్రోసిపుచ్చెను. ఏ చుట్టరికమును లేని ఆ పండితుని తీర్పుకంటె తమ్ముని పక్షపాతమే సత్యమునకు చేరువగా నుండెనని ఇప్పుడనక తప్పదు.

కావున, తాతల కాగితములు పెట్టెలలో పెట్టుకొని నా వ్రాతలకు జంకి ఊరకున్న ఏలూరు, తాడేపల్లిగూడెం పాఠకులారా, వ్రాయుడు. తేదీలు తరువాత వెదకుకొందము; దేవుని మాత్రము చేయకుడు.