పూల ఛాయాచిత్రాల్లో లేని మనిషి

ఋతువుకొక పువ్వును వెతుక్కుంటూ నగరంలో కాలినడకన తిరిగి ఛాయాచిత్రాలు తీసే అలవాటు మన విద్యార్థుల్లో బాగా పెరిగింది. దీన్ని గురించి మనవాళ్లలో రెండు అభిప్రాయాలు వినవస్తున్నాయి. ఇది తీరికగల వర్గాల విలాసమనీ, ఆకలి వున్న దేశంలో పూలెందుకనీ కొందరంటారు. పువ్వుకు వర్గమేమిటి, అందం అందమే కదా అని మరికొందరంటారు. మొదటి మాట ఎంత సులువైనదో రెండవదీ అంతే సులువైనది. రెండింటికీ ఛాయాచిత్రాన్ని చూడవలసిన అవసరమే లేదు.

నా సంగతి ముందు చెప్పుకుంటాను. విద్యార్థులు ఏర్పాటు చేసిన ఒక ప్రదర్శనలో బహుమతులు నిర్ణయించే పని నామీద పడింది. ఫిబ్రవరి చివరి రోజుల్లో సికిందరాబాదు రెజిమెంటల్ బజారు వీధుల్లో తీసిన చిత్రాలవి. ఒక పాత బంగళా ముందు గులాబిరంగు టబెబూయా చెట్టు. కింద నేలంతా రాలిన పూలు. మనిషి జాడ లేదు. దానికి మొదటి బహుమతి ఇచ్చాను. అదే చెట్టును, అదే ఉదయం, ఇంకొక విద్యార్థి తీసిన చిత్రం పక్కనే వుంది. అందులో ఎడమ అంచున ఒక చీపురు కొస, గాజులున్న ఒక చెయ్యి పడ్డాయి. దాని కింద "అంచులు శుభ్రంగా లేవు" అని రాసి పక్కన పెట్టాను.

తరువాత ఆ రెండవ విద్యార్థి వచ్చి, తప్పు తనదే అన్నట్టుగా చెప్పాడు: "ఊడ్చే ఆమెను ఆగమని అడిగాం సార్. పావుగంట ఆగింది. 'జల్ది తియ్యి బిడ్డా, నాకింకా రెండు గల్లీలున్నయి' అన్నది. మావాడిది అయ్యాక నేను మొదలుపెట్టేసరికి ఆమె ఇక ఆగలేదు."

నేను మెచ్చుకున్న ఆ నిర్మలత్వం ఒక మనిషి పనిని పావుగంట ఆపితే వచ్చింది. పూలు రాలడం ప్రకృతి. అవి ఊడ్చకుండా వుండడం ప్రకృతి కాదు. ఆ చిత్రంలో కూర్పు వుంది, వెలుగు వుంది. ఆ వెలుగులో ఒకామె నిలబడి వుండగా ఆమె లేనట్టు చూపడం కూడా వుంది. నేను బహుమతి ఇచ్చింది ఈ మూడవదానికే.

ఈ లేనట్టు చూపడమనేది కొత్త సంగతేమీ కాదు. మన నగరంలో దానికి పెద్ద చరిత్రే వుంది. 1844లో సర్ధానాలో పుట్టిన లాలా దీన్‌దయాళ్ 1880ల మధ్యలో సికిందరాబాదుకు వచ్చి స్టూడియో పెట్టాడు; ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా అనీ ముసవ్విర్ జంగ్ అనీ బిరుదులు పొంది 1905లో మరణించాడు. ఆయన గాజుపలకలు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో వున్నాయి. చౌమహల్లా, బషీర్‌బాగ్, ఫలక్‌నుమా చిత్రాలు చూడండి. కొలత వేసి గీసినట్టున్న ముంగిళ్లు, మొక్కలు, నీటితొట్లు. దీన్‌దయాళ్ మొదట ఇంజనీరింగ్ చదివి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణ శాఖలో పనిచేసినవాడు. భవనం గీతను ఆయనవలె పట్టుకున్నవారు ఆనాడు అరుదు. కాని ఆ తోటలకు రోజూ నీళ్లు మోసిన వాళ్లెవరో ఆ చిత్రాలు చెప్పవు.

ఆ చిత్రాల్లో పూలు కూడా లేకపోవడం విచిత్రం. దానికి కారణం ఫ్యూడల్ అభిరుచి కాదు, రసాయనం. ఆనాటి పలకలకు నీలిరంగు వెలుగు తెలిసినంతగా తక్కిన రంగులు తెలియవు. ఎరుపు అసలే తెలియదు. మే నెలలో నిండుగా పూసిన తురాయిచెట్టును, అదే మనం గుల్‌మొహర్ అనేదాన్ని, ఆ పలక మీద తీస్తే పువ్వూ ఆకూ ఒకే నలుపులో కలిసిపోతాయి. లూమియేర్ సోదరుల రంగుపలకలు 1907లో గాని బజారుకు రాలేదు. కోడాక్రోమ్ ఫిల్ము 1935లో వచ్చింది. సామాన్యుడి చేతికి రంగు దక్కింది ఇంకా చాలా కాలానికి. కనుక పూల ఋతువును ఛాయాచిత్రంలో పట్టుకోవడం రాజుకు దొరకని సుఖం, ఈనాడు సెల్‌ఫోనున్న ప్రతి విద్యార్థికీ దొరుకుతున్నది. దీన్ని విలాసమని కొట్టిపారేసే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. ఒకప్పుడు కొద్దిమందిదైన సాధనం పదిమందిదైతే దానికి ఏడవవలసింది మనం కాదు.

అయితే చిత్రంలో ఒక తోటమాలినో ఒక కూలీనో నిలబెట్టినంత మాత్రాన అది అభ్యుదయ కళ అయిపోతుందా? ఈ యాంత్రిక సూత్రానికి దీన్‌దయాళ్ దగ్గరే సమాధానం వుంది. 1899-1900 కరువులో నిజాం ప్రభుత్వం ఔరంగాబాదు ప్రాంతంలో నడిపిన సహాయక చర్యలను ఆయన సంస్థ చిత్రించింది. అక్కడ పేదలు కనపడతారు. ఎముకలు లెక్కపెట్టగలిగేటంత స్పష్టంగా కనపడతారు. కాని వాళ్లు అక్కడున్నది ప్రభువు దయకు సాక్ష్యంగా. తోటలో మాలిని లేకుండా చేసినదీ, కరువులో కూలీని వరుసలో నిలబెట్టినదీ ఒకే చూపు. మనిషి చిత్రంలో వున్నాడా లేదా అన్నదాని కంటే, ఎవరి పనికోసం వున్నాడన్నది పెద్ద ప్రశ్న.

మన కవిత్వంలోనూ ఈ చిక్కు వున్నది. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో ఇంటింటికీ చేరింది. పూలే అక్కడ మాట్లాడతాయి, కోయవచ్చినవాణ్ణి నిలదీస్తాయి. కోయవచ్చినవాడు పూజకు వచ్చినవాడు. పొట్టకోసం వచ్చినవాడైతే ఆ నిలదీత ఎలా సాగేదో! మోండా మార్కెట్టు పక్కన బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు కట్టలు పేర్చుకొని కూర్చునే ఆడవాళ్లను చూసినప్పుడల్లా నాకీ అనుమానం వస్తుంది. వాళ్లు బీళ్లలో, చేలగట్ల మీద ఆ పూలు కోసి, బస్సెక్కి వచ్చినవాళ్లు. రాత్రికి పేర్చిన బతుకమ్మకు వందల ఫొటోలు. మధ్యాహ్నపు కట్టలకు ఒకటీ లేదు.

ఈ మధ్య ఇంకొక వాదం వినిపిస్తున్నది: టబెబూయా, జకరండా దక్షిణ అమెరికావి, గుల్‌మొహర్ మడగాస్కర్‌ది, ఇవి దండు నాటిన పరాయి చెట్లు, వీటిని చూసి మురవడం బానిసత్వమట. సికిందరాబాదు కంపెనీ సైన్యం కోసం 1806లో వెలసిన మాట నిజమే. రెజిమెంటల్ బజారు పేరులోనే ఆ పటాలాలున్నాయి. కాని బతుకమ్మలో మనం పేర్చే బంతి మెక్సికో నుంచి వచ్చింది. గౌరమ్మగా నిలిపే గుమ్మడిపువ్వూ అమెరికాదే. వాటిని మనవి చేసింది ఏ ప్రభుత్వమూ కాదు. విత్తి, నీళ్లుపోసి, కోసి, పేర్చిన చేతులు. చెట్టు పుట్టుక అడిగేవారు ఆ చేతుల సంగతి అడగరు.

రెజిమెంటల్ బజారులో అసలు తోటలు ఎక్కడున్నాయని అడిగితే నేను మెట్ల మీద అంటాను. స్టేషనుకు దగ్గరగా వుండే ఇరుకు అద్దె ఇళ్లలో రంగుడబ్బాల్లో, పగిలిన బకెట్లలో పెరిగే కనకాంబరం, నందివర్ధనం, తులసి. ఖాళీ చేసేటప్పుడు సామాను బండిలో వాటికి చివర చోటుంటుంది. ఉండకపోతే పొరుగువారికి ఇచ్చి పోతారు. ప్రదర్శనలో నలభై చిత్రాల్లో ఈ తోట ఒక్కటీ లేదు. బంగళా గోడలు ఆరు సార్లు వున్నాయి.

చీపురు పడిన ఆ రెండవ చిత్రం గొప్పదని నేననడం లేదు. పూలు కొంచెం మసకబారాయి. చెయ్యి అక్కడికి వచ్చింది అనుకోకుండానే తప్ప చూసి తీసింది కాదు. మొన్న ఫిబ్రవరిలో ఆ విద్యార్థి మళ్లీ అక్కడికి వెళ్లాడు. ఆ రోజు చెత్తబండి ముందుగా వస్తుందని ఆమె తొందరగానే మొదలుపెట్టిందట. అతను చేరేసరికి నేల సగం శుభ్రమైంది. పూలన్నీ ఒక కుప్పగా, దుమ్ముతో కలిసి, అడుగున గోధుమరంగుకు తిరిగి వున్నాయి. ఆమె గోనెసంచి నోరు తెరిచి పట్టుకోమన్నదట. అందుకని ఆ చిత్రం ఒంటిచేత్తో తీశాడు. కాస్త ఒరిగి వుంది. అంచులు కత్తిరించకుండా తెచ్చి నాకిచ్చాడు.