వట్టికాళ్ళ వాదము: ఒక గ్రంథ విమర్శ

బెంజ్ సర్కిల్ నుండి బందరు రోడ్డు వెంట, వాహనముల రద్దీ మొదలు కాకమునుపే పరుగు సాధన చేయు యువకులు విజయవాడ వారికి క్రొత్త కాదు. వీరిలో పలువురు పోలీసు ఉద్యోగములకో, సైన్యములో ప్రవేశమునకో సిద్ధమగుచున్నవారు. ఆ రెండు చోట్లను 1600 మీటర్ల పరుగు ఒక గండము. అది తప్పినవానికి తక్కిన పరీక్షల మార్కులు అక్కరకు రావు. కొందరు బూట్లు విప్పి పరుగెత్తుటయు కద్దు. ఆదిమానవుడు బూట్లు తొడిగినాడా అని వారి వాదము.

ఈ వాదమునకు లోకమంతట ప్రచారము కల్పించిన గ్రంథము ‘బార్న్ టు రన్’. పరుగెత్తుటకే పుట్టినామని దీని అర్థము. క్రిస్టఫర్ మెక్‌డూగల్ అను అమెరికా పత్రికా రచయిత దీనిని 2009లో ప్రకటించినారు. పరుగెత్తినప్పుడెల్ల పాదము నొప్పి పెట్టుటకు కారణము వెదకుచు, ఆయన మెక్సికో దేశపు రాగి లోయలలో నివసించు తారహుమారా తెగవారి వద్దకు పోయినారు. కొండదారులలో రోజంతయు పరుగెత్తగల జనము వారు. 2006లో అమెరికా నుండి వచ్చిన స్కాట్ జురెక్ మున్నగువారితో జరిగిన సుమారు 75 కిలోమీటర్ల పందెములో తారహుమారా వీరుడు ఆర్నుల్ఫో కిమారే గెలుచుటతో కథ కొసకు వచ్చును. కథ చెప్పుటలో ఈ రచయిత దిట్ట. చిక్కంతయు కథ నుండి సిద్ధాంతమునకు దూకుటలో ఉన్నది.

మొదటి మాట. తారహుమారా వారు వట్టికాళ్ళతో పరుగెత్తినవారు కారు. వారి చెప్పుల అట్టలు పాత మోటారు టైర్ల నుండి కోసినవి. మన డెల్టాలో రైతులును, రిక్షా కార్మికులును తొడిగిన టైరు చెప్పులకు ఇవి తోబుట్టువులు! ఈ సంగతి గ్రంథములో లేకపోలేదు. కాని చదువరి మనస్సున మిగులునది మాత్రము ‘వట్టికాలు’ అను మాటయే.

ఇక శాస్త్రము మాట. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు డేనియల్ లీబర్మన్ బృందము 2010లో ఒక పరిశీలన ప్రకటించినది. వట్టికాళ్ళతో పరుగెత్తుటకు అలవాటుపడినవారు ఎక్కువగా పాదపు ముందుభాగమును మొదట మోపుదురు. మెత్తని బూట్లవారు ఎక్కువగా మడమను మోపుదురు. మడమ మొదట తగిలినచో నేల ఇచ్చు ప్రతిక్రియ ఒక్కసారిగా ఎగయును. ముందుభాగము తగిలినచో ఆ తొలి దెబ్బ కానరాదు. న్యూటన్ మూడవ నియమము బోధించునపుడు ఉపాధ్యాయులు వాడుకొనదగిన చక్కని ఉదాహరణ ఇది. అయితే ఆ భారము మాయమైపోదు గదా! అది పిక్క కండరముల మీదికిని, వానిని మడమకు బిగించు స్నాయువు మీదికిని మారినది. పైగా 2013లో వేరొక బృందము ఉత్తర కెన్యాలోని దాసనాచ్ తెగవారిని పరిశీలింపగా, వట్టికాళ్ళ అలవాటు గలవారే అయినను, తమకు హాయిగా ఉండు వేగమున పలువురు మడమనే ముందు మోపిరి. కాబట్టి పాదము మోపు తీరునకు ప్రకృతి ఒకే శాసనము వ్రాసినదని చెప్ప వీలులేదు.

బూట్లు విప్పదలచిన విద్యార్థి తెలిసికొనవలసిన ప్రయోగము ఇంకొకటి కలదు. 2013లోనే అమెరికాలో 36 మంది అనుభవజ్ఞులైన పరుగువారిని తీసికొని, అందు 19 మందిని 10 వారములలో క్రమముగా పలుచని పాదరక్షలకు మార్చిరి. వారిలో 10 మందికి పాదపుటెముకల మజ్జలో వాపు హెచ్చినట్లు ఎమ్.ఆర్.ఐ. చిత్రములు చూపినవి. క్రమముగా మారినవారి గతియే ఇది. పరీక్షకు నెల ముందు, అదియు సిమెంటు రోడ్డు మీద, బూట్లు విప్పువాని మాట చెప్పనేల? పుట్టుక నుండి చేలగట్ల మీద వట్టికాళ్ళతో తిరిగిన పిల్లవాని ఎముక వేరు. నిన్నటివరకు బూట్లలో నడచినవాని ఎముక వేరు. గ్రంథకర్త ఈ భేదమును తగినంత గట్టిగా చెప్పలేదు.

వట్టికాళ్ళ పక్షమువారు 1960 రోము ఒలింపిక్సులో అబెబె బికిలా బూట్లు లేకయే మారథాన్ గెలిచిన కథ మరువరు. ఆయనయే 1964లో టోక్యోలో బూట్లు తొడిగి, మూడు నిమిషములకు పైగా తక్కువ కాలములో గెలిచిన సంగతి మాత్రము చెప్పరు! (రెండు పందెములకు దారి వేరు, వాతావరణము వేరు, కాబట్టి ఇదియు బూట్ల పక్షమునకు సాక్ష్యము కానేరదు.) గ్రంథము వెలువడి పదేండ్లు తిరుగునప్పటికి లోకము ఎదురుదిక్కు పట్టినది. దళసరి నురుగు అట్టలో కార్బను రేకు పొదిగిన బూట్లు వచ్చి, 2020లో అట్ట మందము 40 మిల్లీమీటర్లు మించరాదని ప్రపంచ అథ్లెటిక్ సంస్థ హద్దు పెట్టవలసి వచ్చినది.

గ్రంథములో నాకు మిక్కిలి నచ్చిన భాగము ఊపిరిని గూర్చినది. డెన్నిస్ బ్రాంబుల్, డేవిడ్ కేరియర్ అను శాస్త్రజ్ఞులు 1983లో తెలిపినదేమనగా, దౌడు తీయు గుఱ్ఱము అంగకు ఒక శ్వాస మాత్రమే తీయగలదు. దాని దేహపు ఊపు ఊపిరితిత్తులను అట్లు కట్టివేయును. రెండు కాళ్ళ మనిషికి ఆ కట్టు లేదు. రెండంగలకు ఒక శ్వాస ఎక్కువగా కనబడినను, మూడింటికి, నాలుగింటికి తీయువారును కలరు. మన మైదానములలో “ముక్కుతోనే పీల్చు, లెక్కపెట్టి వదులు” అని గద్దించువారు ఇది చదువవలెను. విశ్రాంతిలో నిమిషమునకు 6 నుండి 8 లీటర్ల గాలి చాలును. వడిగా పరుగెత్తువానికి 100 లీటర్లు దాటవచ్చును. అప్పుడు నోరు తెరచుట దోషము కాదు, దేహధర్మము.

ఒక్క విషయమున మాత్రము ఈ గ్రంథము మనకు కొరగాదు. చెమటయే మనిషిని దూరపు పరుగువానిగా చేసినదని రచయిత సంబరపడినారు. నిజమే, ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకాలరీల వేడిని కొనిపోవును. కాని ఆవిరి కావలెను గదా! రాగి లోయల పొడిగాలిలో అది సులభము. కృష్ణాతీరపు తేమగాలిలో చెమట ధారలై నేల రాలును; రాలిన చెమట వేడిని తీసికొనిపోదు. వేసవిలో మధ్యాహ్నము మూడు గంటలకు పిల్లలను పరుగు తీయించు పాఠశాలలు బూట్ల తగవు కంటె ముందు వేళను మార్చుకొనవలెను. ఒళ్ళు కాలుచు, తల తిరుగుచు, మాట తడబడు పిల్లవానిని వెంటనే నీడకు చేర్చి, చన్నీటితో ఒళ్ళు తడిపి, విసరుచు, వైద్యునికి కబురు పెట్టవలెను.

తరగతిలో ఈ గ్రంథమును కొంత చదివి వినిపింపదలచిన ఉపాధ్యాయులు పందెపు ఘట్టమును ఇంటి చదువునకు విడిచి, బ్రాంబుల్, కేరియర్‌ల ప్రకరణమును ఎన్నుకొందురు గాక. పిల్లలనే మైదానమున పరుగెత్తించి, ఎన్ని అంగలకు ఒక ఊపిరి తీసిరో లెక్కింపుమన్నచో, వచ్చు జవాబులు ఒకటిగా ఉండవు.