చేపల మేతలో మూలికలు: ఒక విమర్శ

కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో చెరువుగట్ల వెంట నడిచినవారికి తాళ్ళకు వేలాడే మేతసంచులు కనబడక మానవు. నూనె తీసిన తవుడు నింపి, చిల్లులు పొడిచి, వాటిని నీటిలోనికి దించుతారు. శీలావతి చేపలు గుంపుగా వచ్చి, చిల్లులకు మూతి ఆనించి, మేత లాగుకొంటాయి. ఈ తవుడులో వెల్లుల్లి, పసుపు, మెంతులు, నేలవేము వంటి మూలికల పొడులు కలిపే రైతులు కూడ ఉన్నారు. వీటివలన చేప త్వరగా పెరుగుతుందని చెప్పే వ్యాసములు, ప్రకటనలు విరివిగా వస్తున్నవి. ఈ వాదములో పస ఎంత?

వాదము పుట్టుటకు కారణము లేకపోలేదు. పశువుల మేతలో పెరుగుదల కొరకు కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ మందులు కలిపే అలవాటు చాలకాలము సాగినది. మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుచున్నవన్న భయముతో ఐరోపా యూనియన్ 2006 జనవరి 1 నుండి దానిని నిషేధించినది. అటువంటి మందులకు బదులుగా ఏది పనికివచ్చునా అని వెదకినవారి దృష్టి మూలికలపై పడుట సహజమే. వెల్లుల్లిని నలిపినప్పుడు పుట్టే అల్లిసిన్‌కు బాక్టీరియాను చంపే గుణమున్నది. కొన్ని మూలికలు చేపల ఆకలిని, జీర్ణరసములను, రోగనిరోధక శక్తిని పెంచినట్లు ప్రయోగములలో తేలినది కూడ. అంతవరకు తగవు లేదు. తొట్టెలో తేలినదానిని చెరువుకు అంటగట్టుటలోనే వచ్చినది చిక్కంతా.

ఈ ప్రయోగములు చాలవరకు రెండు మూడు నెలలపాటు, తొట్టెలలో, వేలెడు చేపపిల్లలపై జరుగుతాయి. మూడు తొట్టెలలో ఇరవైయేసి పిల్లలుంటే అరవై చేపలపై పరీక్షించితిమని వ్రాస్తారు. ఒక తొట్టెలోని చేపలన్నిటికీ నీరు ఒకటే, ప్రాణవాయువు ఒకటే, వేడి ఒకటే. కాబట్టి నిజమైన లెక్క అరవై కాదు, మూడు. విద్యార్థులు ఈ తేడాను గట్టిగా పట్టుకోవలెను. పైగా తొట్టెలో పెట్టేది పొడిని పిండిలో కలిపి ఒత్తిన గుళిక. మన చెరువులోనిది సంచి తవుడు. అందులో చల్లిన పొడి ఎంత చేప నోటికి అందినదో, ఎంత నీటిపాలైనదో తూచినవారెవరు?

మన రైతులకు మరొక అలవాటు ఉన్నది. చిన్నపిల్లలను ఒక చెరువులో కిక్కిరిసి ఉంచి, మేత తగ్గించి, ఏడాదిపాటు కుంగదీసి, ఆ తరువాత పెంపకపు చెరువులో వదలుతారు. చోటు, మేత దొరకగానే అవి పాత లోటు తీర్చుకొనునట్లు వడివడిగా పెరుగుతాయి. సరిగా ఆ రోజులలోనే పొడి వాడితే, కీర్తి పొడికి దక్కుతుంది!

ఖర్చు చూతము. ఊహకు, మేత కిలో 20 రూపాయలు, పొడి కిలో 400 రూపాయలు అనుకొందాము. నూటికి ఒక వంతు కలిపితే కిలో మేతపై 4 రూపాయలు పెరుగును. కిలో చేపకు రెండున్నర కిలోల మేత పట్టేచోట ఇదివరకు ఖర్చు 50 రూపాయలు. 24 రూపాయల మేతతో అదే 50 రూపాయలలో నెగ్గుకు రావలెనంటే, మేత రెండు కిలోల ఎనభైమూడు గ్రాములకు దిగవలెను. అనగా ఆరవవంతు మేత మిగిలిననే అసలు గిట్టును. లాభము ఆపైన మాట. పెరుగుదల శాతములు వ్రాసి, ఈ లెక్క వ్రాయని నివేదిక రైతుకు సగము పుస్తకమే.

‘మూలికే గదా, హాని యేమి’ అనేవారికి ఇప్పచెక్కను గుర్తుచేయవలెను. అదియు చెట్టు ఇచ్చినదే. చేపపిల్లలను వదలుటకు ముందు, చెరువులోని కొరమీను వంటి మాంసాహారి చేపలను చంపుటకు, మీటరు లోతున హెక్టారుకు 2,500 కిలోల చొప్పున దానిని చల్లుతారు. అందులోని సాపోనిన్లు చేపల ఎర్ర రక్తకణములను చిట్లించును. రెండు మూడు వారములకు ఆ విషము విరిగి చెక్క ఎరువగును. ఇక మేలు చేసే పసుపులో సైతము కుర్కుమిన్ పాలు రకాన్నిబట్టి, నేలనుబట్టి మారును. నేను చూచిన ఒక పొట్లముమీద మూలికల పేర్లు వరుసగా ఉన్నవి గాని, ఏది ఎంతో లేదు.

ఆ పొట్లము చూపిన రైతును, ఒక చెరువుకు పొడి కలిపి, అదే ఈడు పిల్లలున్న ఇంకొక చెరువుకు మాని చూడరాదా అని అడిగినాను. “మానిన చెరువు దెబ్బతింటే ఆ నష్టం ఎవరిస్తారు మేష్టారూ?” అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే. ఆ పరీక్ష పొడి అమ్మేవారు తమ ఖర్చుతో, మన చెరువులలో, మన సంచి మేతతో, కోతదాకా చేసి చూపవలసినది. రైతు సొమ్ముతో చేయవలసినది కాదు.