పెట్టెలో 864 పరమాణువులు

సూపర్‌కంప్యూటర్ మీద వార్త ఏదైనా ముందు దాని వేగం చెబుతుంది, తర్వాత ఖరీదు చెబుతుంది. దాన్ని ఏ ప్రశ్న అడిగారు, అదిచ్చిన జవాబును దేని పక్కన పెట్టి సరిచూశారు అన్న సంగతికి ఇక చోటుండదు. భౌతికశాస్త్రం నుంచి జీవశాస్త్రం దాకా విశ్వవిద్యాలయాల్లో అల్లుకుపోయిన కంప్యూటర్ పరిశోధనకు విలువ తెచ్చింది మాత్రం ఆ సంగతే. వేగంతో పని పెద్దదైంది, నిజమే. అది నమ్మదగ్గ పని కావడానికి కారణం వేరే. ఈ మాటకు నేటి యంత్రాలకన్నా అరవై ఏళ్ల నాటి ఒక నిదానపు యంత్రం గట్టి సాక్ష్యం ఇస్తుంది.

ఆ యంత్రాన్ని వాడిన భౌతికశాస్త్రవేత్త అనీసుర్ రహమాన్ 1927లో హైదరాబాదులో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలోని లువాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, 1960లో షికాగో దగ్గరి ఆర్గొన్ జాతీయ ప్రయోగశాలలో చేరారు. ఆనాటి భౌతికశాస్త్రానికి ద్రవాలు కొరకరాని కొయ్య. వాయువులో అణువులు దూరదూరంగా తిరుగుతాయి కనుక ఒకదానితో ఒకదానికి పెద్దగా పనిలేదన్నట్టు లెక్క కట్టొచ్చు. స్ఫటికంలో వరుస తప్పకుండా నిలబడి ఉంటాయి, ఆ వరుసే లెక్కకు ఊతం. ద్రవంలో ఆ దూరమూ లేదు, ఈ వరుసా లేదు. అందుకని రహమాన్ సమీకరణాన్ని ఒక్క ఊపున సాధించే ఆశ వదిలేసి, సీడీసీ 3600 అనే కంప్యూటర్‌లో 864 ఆర్గాన్ పరమాణువులను ఒక ఊహా పెట్టెలో పెట్టారు. ఏ రెండింటి మధ్య ఎంత దూరముంటే ఎంత ఆకర్షణ, ఎంత వికర్షణ ఉంటుందో చెప్పే సూత్రం అప్పటికే ఉంది. ఆ బలాలన్నీ కూడితే ఒక్కో పరమాణువు ఎటు జరగాలో తేలుతుంది. దాన్ని జరపడానికి న్యూటన్ నియమం చాలు. కాలాన్ని సెకనులో కోటి కోట్లవ వంతు ముందుకు నడిపి, మారిన స్థానాల నుంచి బలాలను మళ్లీ లెక్కించాలి, మళ్లీ జరపాలి. 864 పరమాణువుల్లో ఏర్పడే జతలే 3,72,816. ఇంకో చిక్కు అంచులది. ఇంత చిన్న పెట్టెలో సుమారు సగం పరమాణువులు గోడల పక్కనే ఉంటాయి, వాటికి ఒకవైపు పొరుగు ఉండదు కనుక లోపలి ద్రవంలా ప్రవర్తించవు. దీనికి విరుగుడు, ఒక గోడ దాటిన పరమాణువును అదే వేగంతో ఎదుటి గోడలోంచి లోపలికి రప్పించడం. దాంతో పెట్టెకు అంచన్నదే లేకుండా పోతుంది. నేటికీ ఈ రంగంలో అడుగుపెట్టే విద్యార్థి మొదట నేర్చుకునే ఉపాయాల్లో ఇదొకటి.

ఒక్క గ్రాము ఆర్గాన్‌లో లెక్కకందనన్ని పరమాణువులుంటే 864తో ద్రవాన్ని తెలుసుకోవడమేమిటని అడగొచ్చు. ఆర్గాన్ పరమాణువుల మధ్య ఆకర్షణ దూరంతో పాటు చాలా త్వరగా సన్నగిల్లుతుంది. దగ్గరి పొరుగువారి ప్రభావమే ఎక్కువ, కాబట్టి కొద్దిమందిని చూసినా చాలావరకు సరిపోతుంది. అయితే ఇది వాదన మాత్రమే; కొలిచి చూస్తేనే రుజువు. పరమాణువులు ఒకదాని చుట్టూ ఒకటి ఎంతెంత దూరాల్లో గుమికూడతాయో రహమాన్ లెక్కించారు, అది ప్రయోగాల ఫలితాలతో చక్కగా కలిసింది. ద్రవంలో అవి ఎంత వేగంగా చెదిరిపోతాయో కూడా లెక్కించారు, అది కొలతకన్నా 15 శాతం తక్కువ వచ్చింది. ఆ తేడాను ఆయన పరిశోధనాపత్రం మొదట్లోనే, సారాంశంలోనే చెప్పారు. అచ్చుగుద్దినట్టు కలిసిన ఫలితం కన్నా ఈ 15 శాతం మీదే నాకు గురి ఎక్కువ. ఎంత దూరం నమ్మాలో అది చెబుతుంది. ఆ పత్రం వెలువడిన మరుసటి ఏడాదే ట్రాంబేలో శాస్త్రవేత్తలు దాసన్నాచార్య, కె.ఆర్. రావు ద్రవ ఆర్గాన్ మీద న్యూట్రాన్లు ఎలా చెదురుతాయో కొలిచి ప్రచురించారు. లెక్కకు జోడీగా కొలత ఇలా నడవాలి.

ఈ పద్ధతి తర్వాత ఎటెటు పాకిందో చూస్తే దాని సత్తా అర్థమవుతుంది. 1971లో రహమాన్, స్టిలింజర్ కలిసి 216 నీటి అణువులను ఇలాగే నడిపించారు. 1977లో హార్వర్డ్‌లో మకామన్, గెలిన్, కార్‌ప్లస్ ఒక చిన్న ప్రొటీన్‌ను తీసుకున్నారు. వాళ్లు నడిపించింది సెకనులో లక్ష కోట్లవ వంతుకు తొమ్మిది రెట్ల పైచిలుకు కాలం మాత్రమే. స్ఫటికాల చిత్రాల్లో రాయిలా కనిపించే ప్రొటీన్ లోపల ఇంత కదలిక ఉందని ఆ కొద్ది కాలమే చూపింది. 2020లో కరోనా వేళ, స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన ఫోల్డింగ్ ఎట్ హోమ్ పథకం ద్వారా జనం పది లక్షలకు పైగా కంప్యూటర్లను పనిలోకి దించారు. వైరస్ ప్రొటీన్లను అన్నీ కలిపి సెకనులో పదో వంతు కాలం నడిపించి, వైరస్ ముల్లు (స్పైక్) ప్రొటీన్ తెరుచుకునే తీరును లెక్కగట్టారు. ఆర్గాన్ నుంచి కరోనా దాకా బల సూత్రాలు ఎంతో చిక్కబడ్డాయి, కానీ బలం లెక్కించి ఒక అడుగు జరిపే క్రమం మారలేదు.

దీని మీద ఎక్కువగా వినిపించే అభ్యంతరం, మనం పెట్టిందే కంప్యూటర్ తిప్పి ఇస్తుందని. పెట్టిన నియమం మనదే, దాని పర్యవసానాలు మాత్రం మనకు ముందుగా తెలియవు. ఐన్‌స్టీన్ సమీకరణాలు 1915 నాటివి. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోతే ఏమవుతుందో ఆ సమీకరణాల్లో ఉంది, కానీ దాన్ని బయటికి తీయడానికి తొంభై ఏళ్లు పట్టింది. 1990లలో పలు అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసికట్టుగా ప్రయత్నించినా ప్రోగ్రాములు మధ్యలోనే కుప్పకూలేవి. 2005లో ఫ్రాన్స్ ప్రిటోరియస్ ఆ విలీనాన్ని చివరిదాకా నడిపించగలిగారు. 2015 సెప్టెంబర్ 14న లైగో పరికరాలకు చిక్కిన గురుత్వ తరంగం అలాంటి లెక్కల్లోని తరంగంతో సరిపోయింది. ఆ కృష్ణబిలాల బరువు సూర్యుడికి సుమారు 36, 29 రెట్లని తేలింది కూడా ఆ పోలికలోంచే. ఇక్కడ లెక్క ముందు, కొలత తర్వాత. ముందే తెలిసిన జవాబుకు తగ్గట్టు లెక్కను సర్దారనడానికి వీల్లేదు.

మరో అభ్యంతరం దీనికన్నా బరువైనది: ప్రోగ్రాములో తప్పుంటే ఎవరికి తెలుస్తుంది? 2006లో అమెరికాలో ఒక పరిశోధక బృందం ప్రొటీన్ నిర్మాణాల మీద రాసిన ఐదు పత్రాలను వెనక్కి తీసుకుంది. సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములో జరిగిన చిన్న తారుమారు వల్ల నిర్మాణం అద్దంలో బొమ్మలా తిరగబడింది. బయటపడింది మాత్రం ఎలా? వేరొక బృందం అదే కుటుంబానికి చెందిన ప్రొటీన్‌ను పరిశీలించి, వేరే ఆకారం ప్రకటించడం వల్ల. అలా బయటపడిన తప్పు ఎక్కడుందో దొరకాలంటే లెక్క తెరిచి ఉండాలి. 1922లో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ చేత్తో కట్టిన వాతావరణ లెక్క దీనికి మేలైన ఉదాహరణ. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్స్ మారుతుందని ఆయన లెక్క చెప్పింది, నిజానికి అది కదల్లేదనే చెప్పాలి. అయినా అడుగడుగూ పుస్తకంలో అచ్చువేశారు. తర్వాతి తరాలు ఆ అడుగుల వెంట నడిచి, నియమాల్లో దోషం లేదని, మొదట పెట్టిన గాలి, పీడనాల కొలతలే ఒకదానికొకటి పొసగలేదని తేల్చారు. నేటి తుపాను అంచనాలకు వంశం వెతికితే ఆ తప్పు లెక్క దగ్గరికే వెళ్తాం.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, ఇంత శ్రమ దేనికంటారు. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాము ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించిన తీరు నిజంగానే అబ్బురం. అయితే అది నేర్చుకున్నది దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో కొలిచి, అందరికీ అందుబాటులో ఉంచిన ఆకారాల నుంచి. పైగా అది ప్రధానంగా ఆకారమే చెబుతుంది, ఆ ఆకారం ఎలా కదులుతుందో తెలుసుకోవడానికి రహమాన్ దారి ఇంకా అవసరమే. కరెంటు ఖర్చు సంగతి వేరు. 2022లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో మొదలైన ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్ ఇరవై మెగావాట్ల పైచిలుకు తాగుతుంది, దానికి తేలిక సమాధానం లేదు. మన దగ్గరా ఐఐటీ హైదరాబాదులో సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు చేయగల పరమ్ సేవ అనే సూపర్‌కంప్యూటర్ ఉంది. ఇలాంటి యంత్రాల మీద గంటలు పంచిపెట్టే సంఘాలు దరఖాస్తుదారును ఎన్ని ప్రాసెసర్లు కావాలని అడగడం మామూలే. నీ ఫలితాన్ని ఏ కొలత తప్పని తేల్చగలదు, ఆ కొలత చేసే పరికరం ఏ విభాగంలో ఉంది, దానికి ఈ ఏడాది నిధులు దొరికాయా అని కూడా అదే కాగితంలో అడగాలి.