వరానికి వార్ధక్యం

హాస్య చిత్రాల పరంపరలో చివరిది తరచుగా పాత నవ్వులనే వల్లె వేస్తుంది. సత్యజిత్ రాయ్ సృష్టించిన గూపీ, బాఘాల చిత్రత్రయంలో చివరిదైన ‘గూపీ బాఘా ఫిరే ఎలో’ (1992) అంతటితో తృప్తి పడలేదు. వరం పొందిన కళాకారులే దారి తప్పితే ఏమవుతుందన్న ప్రశ్నను అది లేవనెత్తింది.

తాతగారైన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి పిల్లల కోసం వ్రాసిన కథ ఆధారంగా రాయ్ 1969లో తొలి చిత్రాన్ని రూపొందించారు. పాట రాని గూపీ, డోలు వాయించడం రాని బాఘా ఊరి నుండి వెళ్లగొట్టబడి అడవిలో కలుసుకుంటారు. భూతరాజు వారికి మూడు వరాలిస్తాడు: ఇద్దరూ చేతులు చరిస్తే కోరిన తిండి, బట్ట, మాయ చెప్పులతో కోరిన చోటికి పయనం, విన్నవారిని కదలనీయని సంగీతం. ఆ సన్నివేశంలోని భూతనృత్యానికి మృదంగం, ఘటం, కంజిర, మోర్సింగ్‌లతో కూడిన దక్షిణాది తాళవాద్య కచేరి ప్రాణం పోసింది. వరంగా లభించిన సంగీతం తొలి చిత్రంలో యుద్ధాన్ని ఆపింది. 1980 నాటి ‘హీరక్ రాజార్ దేశే’లో, బడిని మూయించి ప్రజల బుద్ధిని యంత్రంతో మార్చజూచిన నియంత పతనానికి తోడ్పడింది.

మూడవ చిత్రానికి రచన, సంగీతం సత్యజిత్ రాయ్‌వి. దర్శకత్వం కుమారుడు సందీప్ రాయ్‌ది. ఇందులో నాయకులకు వయసు మళ్లింది. తొలి చిత్రం నుండి ఆ పాత్రలు ధరించిన తపేన్ చటర్జీ, రవి ఘోష్‌ల ముఖాలపై నిజంగానే గడచిన కాలం కనిపిస్తుంది. బ్రహ్మానంద ఆచార్య అనే మాంత్రికుడు, మూడు రత్నాలు తెచ్చిస్తే పోయిన యవ్వనాన్ని తిరిగి ఇస్తానని ఆశ చూపుతాడు. ఒకనాడు సైన్యాలను నిలిపివేసిన పాట ఇప్పుడు దొంగతనానికి సాధనమవుతుంది. పాట మాధుర్యం తగ్గలేదు కనుకనే ప్రేక్షకుడు నవ్వుతూ నవ్వుతూ నొచ్చుకుంటాడు.

లోపాలు లేకపోలేదు. తొలి చిత్రంలోని దృశ్యవైభవం, రెండవ దానిలోని అంత్యప్రాసల సంభాషణలకున్న వ్యంగ్యపు పదును ఇందులో కొరవడ్డాయి. మాంత్రికుడు హీరక రాజంతటి ప్రతినాయకుడు కాలేకపోయాడు. అయినా ముగింపు అర్థవంతమైనది. మాంత్రికుని అంతం గూపీ, బాఘాల చేతిలో లేదు. విక్రమ్ అనే పన్నెండేళ్ల బాలుని వల్ల జరుగుతుంది. యవ్వనం కోసం తపించిన పెద్దలు చివరకు ఒక పసివానికి తోడుగా నిలుస్తారు.

సత్యజిత్ రాయ్ 1992 ఏప్రిల్‌లో కన్నుమూశారు. తాత కథతో ఆరంభమై మునిమనుమని దర్శకత్వంలో ముగిసిన ఈ చిత్రత్రయంలో, తర్వాతి తరానికి చోటు ఇవ్వడమనే ధర్మం కథలోనూ, కథ వెలుపలా నెరవేరింది.